అమ్మకు ఆపరేషన్ అయితే అబ్బాయిని ఎవరు చూసుకుంటారు? తిరుపతి, చిత్తూరులో ఇంటి వద్ద సహాయం, తాత్కాలిక సంరక్షణ

అవిలాల_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 19 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ ఉంది, దానితో పాటు మేధో వైకల్యం, అప్పుడప్పుడు ఫిట్స్. నడవలేడు, మాటలు రావు, కానీ మనుషులను బాగా గుర్తుపడతాడు, నచ్చనివారు ముద్ద పెడితే నోరు తెరవడు. స్నానం, మలమూత్రాలు, తిండి, పక్క మార్చడం అన్నీ ఇన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను.

ఇప్పుడు నాకు గర్భసంచి తీసివేయాలని డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల పాటు బరువులు ఎత్తకూడదట. నలభై కిలోలు దాటిన కొడుకును రోజూ ఎత్తి దించే తల్లికి ఆ షరతు ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. మావారు రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేస్తారు. మా అత్తగారికి డెబ్బై దాటాయి, ఆమే ఒకరి సాయం కోరే వయసులో ఉన్నారు.

కొన్ని వారాల పాటు అబ్బాయిని నమ్మకంగా ఉంచగలిగే చోటు తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఉందా, లేక ఇంటికే మనిషిని పెట్టుకోవడం మేలా, ఆ మనిషిని ఎలా వెతకాలి, ప్రభుత్వం నుంచి దీనికి ఏమైనా ఆసరా ఉందా అన్నవి నా ప్రశ్నలు. మాకు ప్రస్తుతం నెలకు 6,000 రూపాయల వికలాంగుల పింఛను వస్తోంది. ఆపరేషన్‌కు ఇంకా రెండు నెలలకు పైగా వ్యవధి ఉంది.

కొర్లగుంట_నివాసి

అమ్మా, మా అక్కకు కండరాల క్షీణత. కొన్నేళ్లుగా బ్యూరోల (ఇళ్లకు సంరక్షకులను పంపే ఏజెన్సీల) ద్వారా మనుషులను పెట్టుకుంటున్నాం కాబట్టి ఆ వైపు సంగతి చెబుతాను.

బ్యూరోవారు మొదట రిజిస్ట్రేషన్ రుసుమో, ఒక నెల కమీషనో ముందుగానే తీసుకుంటారు. అది కట్టాక పంపిన మనిషి రెండు వారాలకే మానేస్తే బదులు మనిషిని ఎన్ని రోజుల్లో పంపుతారు, పంపలేకపోతే కట్టిన డబ్బు ఎంత తిరిగి ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. మాకు మొదట ఎదురైన బ్యూరో ఫోనులో అన్నింటికీ సరేనంది. మనిషి వెళ్లిపోయిన తర్వాత అదే ఫోను ఎత్తలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. 'హోమ్ నర్సు' అని పంపేవారిలో చాలామంది నర్సింగ్ చదివినవారు కారు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సు వేరు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగి సహాయకుల) శిక్షణ పొందినవారు వేరు, ఇంటిపనుల నుంచి ఈ పనికి మారిన ఆయమ్మ వేరు, జీతాలూ అలాగే వేరు. మీ అబ్బాయికి ముక్కు గొట్టం, మూత్రం గొట్టం లేవు కాబట్టి మీకు నర్సు అవసరం లేదు. ఎత్తి దించడం తెలిసిన, ఓపిక ఉన్న మగ అటెండర్ కావాలి. పేరుకు నర్సని ఎక్కువ డబ్బు పోసి, తీరా ఎత్తలేని మనిషిని తెచ్చుకోకండి.

ఇంకొకటి, మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఉంది. గంగ జాతర రోజుల్లో పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, బ్రహ్మోత్సవాల సమయంలో ఊరంతా రద్దీ, ఉన్నవారికి వేరే పని దొరుకుతుంది. డాక్టరుగారు తేదీ విషయంలో పట్టు విడుపు చూపగలిగితే ఆ వారాలను తప్పించండి.

చిత్తూరు_ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టును. మనిషిని వెతకడం గురించి మిగతావారు చెబుతారు. మనిషి దొరికిన తర్వాత జరగవలసినదే నాకు తెలిసిన విషయం, చాలా ఇళ్లలో ఏర్పాటు చెడేదీ అక్కడే. తల్లి ఆసుపత్రికి బయలుదేరే రోజు ఉదయం కొత్త మనిషి గుమ్మం ఎక్కుతాడు. అబ్బాయి అతని చేత అన్నం తినడు, అతనికేమో ఎక్కడ పట్టుకొని లేపాలో తెలియదు, మూడో రోజుకు ఇద్దరిలో ఒకరికి దెబ్బ తగులుతుంది. అందుకని కనీసం రెండు మూడు వారాలు మీరు ఇంట్లో ఉండగానే అతను పని మొదలుపెట్టాలి. మొదట మీరు చేస్తుంటే అతను చూడాలి, తర్వాత ఇద్దరూ కలిసి చేయాలి, చివరికి మీరు పక్క గదిలో కూర్చోవాలి. ఆ అదనపు వారాల జీతాన్ని వృథా ఖర్చనుకోకండి.

ఎత్తడం గురించి: చంకల కింద చేతులు వేసి లాగడం మానిపించండి, బిగుసుకున్న భుజాలు దెబ్బతింటాయి. మంచం మీద జరపాలంటే మందపాటి దుప్పటిని మడతలు వేసి వీపు నుంచి తొడల దాకా కింద పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని జరపాలి. మంచం, చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ ఒకే ఎత్తులో ఉంటే సగం కష్టం తగ్గుతుంది. మంచం కాళ్లకు కోత పెట్టించడమో, కింద చెక్కదిమ్మలు బిగించడమో వడ్రంగి ఒక పూటలో చేసిపెడతాడు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. అక్కడి ఓపీకి అటెండర్‌ను కూడా వెంటబెట్టుకొని వెళ్లి, ఎత్తి దించే పద్ధతి అతనికే నేర్పించమని అడగండి.

తినిపించేటప్పుడు నడుము నిటారుగా, గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. తల వెనక్కి వాల్చి పోయడం వల్ల ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పలుచని నీళ్ల కన్నా చిక్కటి రాగి జావ మింగడం ఇలాంటి పిల్లల్లో కొందరికి సులువుగా ఉంటుంది. తిన్న తర్వాత అరగంట పడుకోబెట్టకూడదు. పడుకున్నప్పుడు రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి, తుంటి, మడమలు, వెన్ను కింది భాగం రోజూ చూసి, ఎరుపు కనబడితే ఆ వైపు బరువు పడకుండా చూడాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఇవేవీ చేయకూడదని కొత్త మనిషికి ముందే గట్టిగా చెప్పండి. ఈ అలవాట్లు మన ప్రాంతంలో ఇంకా పోలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. డాక్టరుగారు ముక్కులో కొట్టే స్ప్రే రాసి ఉంటే అది ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు వాడాలో గోడ మీద రాసి అంటించండి.

పలమనేరు_పెద్దాయన

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ ఒక మాట. కన్నబిడ్డను జీతం మనిషికి అప్పగించడం నాకు మింగుడుపడదు. మన పక్క కుటుంబాలలో మేనత్తలు, పిన్నమ్మలు లేరా? ఒక నెల వచ్చి ఉండమంటే ఉండరా? కూలికి వచ్చినవాడికి ఆ ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది?

కొర్లగుంట_నివాసి

పెద్దాయనగారూ, బంధువులు వస్తారు. ఆసుపత్రికి పండ్లు తీసుకొని వస్తారు, రెండు రోజులు ఉంటారు, మూడో రోజు వారి ఇంట్లో పాలు పితికేవారు లేరని వెళ్లిపోతారు. అది వారి తప్పు కాదు, వారి ఇల్లూ వారు చూసుకోవాలి కదా. పైగా, పందొమ్మిదేళ్ల మగపిల్లవాడికి స్నానం చేయించి మలం కడగమని ఏ పిన్నమ్మను అడుగుతాం? ప్రేమ గురించి అన్నారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సంరక్షకుడికి ఇచ్చిన నిర్వచనంలో తల్లిదండ్రులు, ఇతర కుటుంబసభ్యులతో పాటు జీతం తీసుకొని చేసేవారు, తీసుకోకుండా చేసేవారు కూడా ఉన్నారు. డబ్బు తీసుకున్నంత మాత్రాన చేసిన పని తక్కువైపోదు. తల్లి కుట్లు విప్పకముందే కొడుకును ఎత్తి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కితే ఆ ఇంటిని ఎవరు చూస్తారో కూడా ఆలోచించండి.

గిరింపేట_చక్రాలకుర్చీ

వెన్నుపూసకు దెబ్బ తగిలి నేను చక్రాల కుర్చీలో ఉంటున్నాను. ఈ చర్చలో ఇంతవరకు చూసుకునేవారి కష్టం గురించే అందరూ మాట్లాడారు, అది న్యాయమే. చూసుకోబడేవారి తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా అని రాస్తున్నాను.

ప్రమాదం తర్వాత మొదటి రోజుల్లో మా ఇంట్లో నాకోసం మనిషిని కుదిర్చారు, నన్ను అడగలేదు. అతను మంచివాడే, కానీ ఎప్పుడు స్నానం, ఎప్పుడు పడక అన్నది అతని వీలును బట్టి జరిగేది, నేను వద్దంటే మా నాన్నను పిలిచి ఫిర్యాదు చేసేవాడు. ఇప్పుడు ఉన్న అతను నేనే మాట్లాడుకొని పెట్టుకున్న మనిషి. జీతం నా పింఛనులోంచి, నా ట్యూషన్ల డబ్బులోంచి నేనే ఇస్తాను. నా ప్రాణానికి వచ్చిన తేడా అంతా అక్కడే ఉంది. 2016 చట్టంలోని 5వ సెక్షన్ వికలాంగులకు సమాజంలో బతికే హక్కు ఉందంటూ, ఇంటి వద్ద లభించే సేవలను, వ్యక్తిగత సహాయకుడిని ప్రత్యేకంగా పేర్కొంటుంది. వయసు, ఆడా మగా అన్నది దృష్టిలో పెట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. మాటలు రాని అబ్బాయి ఇష్టాయిష్టాలు ఎలా తెలుసుకుంటామని అంటారేమో. నచ్చనివారు పెడితే నోరు తెరవడని మీరే రాశారు. అతని తీర్పు ఆ రూపంలో వస్తుంది. వచ్చిన ఇద్దరు ముగ్గురిలో అతను ఎవరి చేత తింటాడో వారినే పెట్టుకోండి.

విశ్రాంత_ఉద్యోగి_తిరుపతి

సంక్షేమ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ప్రభుత్వపరమైన ఆసరా గురించి అడిగారు. ఆశ పెట్టుకోదగినదేదో, పెట్టుకోరానిదేదో విడదీసి చెబుతాను.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. ఆ ట్రస్టు పథకాలలో 'సమర్థ్' అనేది సరిగ్గా మీరు అడుగుతున్న తాత్కాలిక సంరక్షణకు ఉద్దేశించినది. సంకటంలో ఉన్న కుటుంబాలు, పేద కుటుంబాలు, ఎవరూ లేనివారు దాని పరిధిలోకి వస్తారు. పెద్దవారు దీర్ఘకాలం ఉండడానికి 'ఘరౌందా', పదేళ్లు దాటినవారికి పగటిపూట కేంద్రంగా 'వికాస్' ఉన్నాయి. వీటిని ట్రస్టు స్వయంగా నడపదు, తన వద్ద నమోదైన స్వచ్ఛంద సంస్థల చేత నడిపిస్తుంది. కాబట్టి పథకం ఉన్నంత మాత్రాన మన ఊళ్లో కేంద్రం ఉన్నట్టు కాదు. ట్రస్టు వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా నమోదైన సంస్థల జాబితా ఉంటుంది. అది చూసి, ఫోను చేసి, పెద్దవారిని చేర్చుకుంటారా, ఫిట్స్ ఉన్నవారిని తీసుకుంటారా, రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారు అని అడిగి, ఆ తర్వాత నేరుగా వెళ్లి చూడాలి. ముందు కబురు లేకుండా భోజన సమయంలో వెళ్లండి. గేటు దగ్గరే ఆపేసి ఆఫీసు గదిలో మాత్రమే మాట్లాడే చోటికి అబ్బాయిని పంపవద్దన్నది నా సలహా.

ఆ ట్రస్టుదే 'నిరామయ' ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ఓపీ ఖర్చులు, థెరపీలు కూడా వర్తిస్తాయి. అటెండర్ జీతం అందులో రాదు, అయినా ఫిజియోకు, మందులకు పెడుతున్న డబ్బు కొంత మిగిలితే అది జీతానికి మళ్లించుకోవచ్చు.

ఇక పింఛను. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగులకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 రూపాయల విభాగం ఉంది. ఏ విభాగంలోకి వస్తారన్నది వైద్యుల నిర్ధారణను బట్టి ఉంటుంది, పైగా 2025లో ఈ పింఛన్ల మీద పెద్ద ఎత్తున పునఃపరిశీలన జరిగింది కాబట్టి కాగితాలు పక్కాగా లేనిదే కదిలించకండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రం, ఇటీవలి వైద్య నివేదికలు దగ్గర పెట్టుకొని ముందు వార్డు సచివాలయంలోనో గ్రామ సచివాలయంలోనో అడగండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి.

కొర్లగుంటవారు పేర్కొన్న 2016 చట్టంలోనే, 24వ సెక్షన్‌లో, అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలన్న మాట ఉంది, అయితే ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మాట కూడా ఉంది. కేరళలో 'ఆశ్వాసకిరణం' పేరుతో చూసుకునేవారికే నేరుగా నెలనెలా కొంత సొమ్ము ఇచ్చే పథకం నడుస్తోంది. మన సంఘాలు కలెక్టరేట్ ముందు పింఛను పెంపు ఒక్కటే అడిగి ఊరుకుంటున్నాయి, దీన్ని కూడా అడగాలని సర్వీసులో ఉన్నప్పటి నుంచి నా అభిప్రాయం.

చివరగా, అబ్బాయికి 18 దాటాయి. తల్లిదండ్రులమే కదా అనుకుంటారు గానీ మేజరు అయిన తర్వాత చట్టం దృష్టిలో మీరు ఆపాటికే సంరక్షకులు అయిపోరు. జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకత్వం పొందాలి. ఇది రేపటి ఆపరేషన్‌కు అడ్డం కాదు, కానీ బ్యాంకు ఖాతాకు, ఆస్తి వ్యవహారాలకు తప్పకుండా అవసరమవుతుంది.

అవిలాల_అమ్మ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సంరక్షకత్వం సంగతి మాకు అసలు తెలియదు. ఇద్దరు మనుషులు వచ్చి చూసి వెళ్లారు, ఒకరిని అబ్బాయి దగ్గరికి రానివ్వలేదు. ఇంట్లో రెండు విషయాల మీద వాదన నడుస్తోంది. గదిలో కెమెరా పెడదామని మావారు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. వచ్చే మనిషి మనవాళ్లలోనే ఉండాలని, వంటింట్లోకి రాకూడదని అత్తగారు అంటున్నారు.

గిరింపేట_చక్రాలకుర్చీ

కెమెరా హాలులో, మంచం వైపు పెట్టుకోవచ్చు, అదీ అటెండర్‌కు చెప్పి పెట్టాలి. స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట ససేమిరా పెట్టకండి. మీ అబ్బాయి వద్దని చెప్పలేడు కాబట్టి అతని మానం కాపాడవలసిన బాధ్యత మీదే. ఆ వీడియో ఎవరి ఫోనులో ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. మనిషి ఆధార్ నకలు తీసుకోవడం, సొంత ఊళ్లో ఇద్దరిని విచారించడం, పాత యజమానులతో ఫోనులో మాట్లాడడం, పోలీసు స్టేషన్‌లో వివరాలు ఇచ్చి పరిశీలన కోరడం, ఇవి కెమెరా కన్నా ముందు జరగాలి.

పుత్తూరు_ఆయా

నమస్కారం. ఈ పని చేసేదాన్ని నేను, రాస్తున్నది మా అమ్మాయి. మీ మాటలన్నీ చదివి వినిపించింది.

అత్తగారి మాటకు జవాబు చెబుతాను. కులం అడిగి పెట్టుకున్న ఇళ్లలోనూ పనిచేశాను, అడగని ఇళ్లలోనూ పనిచేశాను. మలం తీసేటప్పుడు గుర్తుకురాని కులం మంచినీళ్ల దగ్గర గుర్తుకొస్తుంది. విడిగా గ్లాసు పెట్టిన ఇంట్లో ఏ మనిషీ నిలవదు. పైకి ఊళ్లో పని ఉందని చెప్పి వెళ్లిపోతుంది, అసలు కారణం మీకు ఎప్పటికీ తెలియదు.

మనిషి నిలవాలంటే ఇంకా కొన్ని ఉన్నాయి. బిడ్డను చూసుకోవడానికి పిలిచి ఇంటిల్లిపాది బట్టలు ఉతకమనకూడదు. చూసుకునే పని వేరు, ఇంటిపని వేరు అని మొదటి రోజే తేల్చుకోవాలి. ఇరవై నాలుగు గంటల మనిషి అంటారు, కానీ రాత్రి నాలుగుసార్లు లేచినవారు పగలు రెండు మూడు గంటలు నిద్రపోకపోతే అయిదో రోజుకు చేతిలోంచి బిడ్డ జారిపోతాడు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఆ రోజు ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. జీతం అయిదో తేదీ అంటే అయిదో తేదీకే ఇవ్వాలి. నడుము పట్టేస్తే మందు మీరే కొనిపెట్టాలి. ఆ తల్లికి ఊరట కావాలని అందరూ అంటున్నారు, ఆమె బదులు చేసే మనిషికీ అదే నడుము, అదే నిద్ర.

శ్రీకాళహస్తి_టీచరమ్మ

ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే పని నాది. మీ అబ్బాయి వయసు దాటిపోయింది గానీ, చదువుతున్నవారిలో చిన్నపిల్లల తల్లులూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. సమగ్ర శిక్ష కింద మండలాలలో నడిచే భవిత కేంద్రాలు బడి ఈడు పిల్లలను పగటిపూట చూస్తాయి, కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు రిసోర్సు టీచర్లు వెళ్తారు. అది తాత్కాలిక సంరక్షణ సేవ కాదు, అయినా ఆ కొన్ని గంటలు తల్లికి చేతికి దక్కుతాయి, ఇంకొకరి దగ్గర ఉండే అలవాటు బిడ్డకూ చిన్నప్పుడే పడుతుంది. పందొమ్మిదేళ్లు తల్లి చేతి మీదే పెరిగిన బిడ్డను ఒక్కసారిగా మార్చడం ఎంత కష్టమో ఇప్పుడు అవిలాల అక్కగారు చూస్తున్నారు.

చిత్తూరు వైపు వారికి వెల్లూరు దగ్గర. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో 'నంబిక్కై నిలయం' అనే చోట ఎదుగుదల లోపాలున్న పిల్లలతో పాటు తల్లిదండ్రులను కూడా కొన్ని వారాలు ఉంచి శిక్షణ ఇస్తారు. వెల్లూరు బాగాయంలో 1966లో మొదలైన సీఎంసీ పునరావాస సంస్థ వెన్నెముక దెబ్బలు తగిలినవారికి పేరుపొందినది. ఇవి బిడ్డను వదిలి వెళ్లే చోట్లు కావు, ఇంట్లో చేయవలసినది నేర్చుకొని వచ్చే చోట్లు.

అబ్బాయి గురించి ఒక పుస్తకం తయారు చేయండి. మందుల పట్టిక డాక్టరు ఎలాగూ రాస్తారు. మీరు రాయవలసింది మీకు మాత్రమే తెలిసినది. ఆకలైతే ఏ చప్పుడు చేస్తాడు, కడుపునొప్పికీ అలకకూ తేడా ఎలా తెలుస్తుంది, ఏ పాట పెడితే తింటాడు, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడా, ఫిట్స్ వచ్చే ముందు కళ్లు ఏ వైపు తిరుగుతాయి. రాసేటప్పుడు అవన్నీ అందరికీ తెలిసినవే కదా అనిపిస్తుంది. మీ వారిని కూర్చోబెట్టి అడిగి చూడండి, సగం ఆయనకే తెలియవని తేలుతుంది.

తిరుచానూరు_తల్లి

మేము దగ్గర దగ్గరగా ఉండే కొన్ని కుటుంబాలం కలిసి పొదుపు సంఘం పద్ధతిలో గంటలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం. శనివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో పిల్లలందరూ ఉంటారు, ఇద్దరు తల్లులు, ఒక తండ్రి ఉండి చూస్తారు, మిగతావారు బయటి పనులు చూసుకుంటారు. ఎవరు ఎన్ని గంటలు ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాస్తాం. రాత్రి ఉంచుకోవడం లేదు. మందులు ఆ బిడ్డ తల్లి విడిగా పొట్లం కట్టి, సమయం రాసి ఇస్తేనే వేస్తాం. జ్వరం, విరేచనాలు ఉన్న బిడ్డను ఆ వారం తీసుకురాకూడదు. తండ్రి తప్పనిసరిగా ఒకరు ఉండాలన్నది మా నియమం, దానికి మొదట్లో మగవారు గొణిగారు, ఇప్పుడు వంతులు వారే గుర్తుచేస్తున్నారు.

దీనివల్ల ఆరు వారాల సమస్య తీరదు. కానీ అటెండర్ సెలవు రోజున నాలుగు గంటలు ఖాళీ దొరుకుతుంది, మీకు బాగైన తర్వాత మీరూ మాకు గంటలు ఇవ్వవచ్చు. అవిలాల మాకు దూరం కాదు.

పలమనేరు_పెద్దాయన

అందరి మాటలూ చదివాను. నా మనవరాలికి కూడా ఇలాంటి లోపమే ఉంది, మా కోడలు ఒక్కతే చూస్తుంది, అందుకే బంధువుల మాట ఎత్తాను. ఆయా రాసింది చదివి మా ఇంట్లో వినిపించాను. పుస్తకం రాయమన్న టీచరమ్మ మాట బాగుంది, మా కోడలికి చెప్పాను. జీతం మనిషి విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు.

అవిలాల_అమ్మ

ఇప్పటికి మేము అనుకున్నది చెబుతాను, లోపాలుంటే దిద్దండి. కేంద్రంలో ఉంచే ఆలోచన మానుకున్నాం. నేను ఫోను చేసినవారిలో ఒకరు పెద్దవారిని చేర్చుకోలేమన్నారు, ఇంకొకరు ఫిట్స్ ఉంటే చేర్చుకోలేమన్నారు. ఆపరేషన్ జాతర తర్వాతికి పెట్టించుకున్నాం. పగటికి పన్నెండు గంటల అటెండర్, ఆపరేషన్‌కు మూడు వారాల ముందు నుంచి. మొదటి వారం మావారు సెలవు పెడతారు, ఆ తర్వాత రాత్రిళ్లు ఆయన, ఆయనకు నైట్ షిఫ్టు ఉన్న వారం మా తమ్ముడు వచ్చి పడుకుంటాడు. శనివారం అటెండర్‌కు సెలవు, ఆ మధ్యాహ్నం తిరుచానూరు వారిని అడుగుతాను. కెమెరా హాలులో మాత్రమే. అత్తగారితో మావారే మాట్లాడారు, విడి గ్లాసు ఉండదు. మంచం ఎత్తు వడ్రంగి సరిచేశాడు. మా తమ్ముడికి నిద్ర మత్తు ఎక్కువ, రాత్రి ఫిట్స్ వస్తే తెలుస్తుందా అన్నది ఒక్కటే భయం.

చిత్తూరు_ఫిజియో

తమ్ముడి పడక అదే గదిలో, చేయి చాస్తే అందేటంత దగ్గరగా వేయించండి. మెత్తటి దిండ్లు తల చుట్టూ పేర్చకండి, మూర్ఛలో ముఖం వాటిలో కూరుకుపోతే ఊపిరి ఆడదు. మంచం పక్క కమ్మీలకు పలుచని పరుపు ముక్కలు కట్టించండి. రాత్రి మాత్ర వేళ తప్పడం ఫిట్స్ రావడానికి ఒక పెద్ద కారణం కాబట్టి, ఆ మాత్ర ఎవరు వేయాలో ఒకరి పేరే రాయండి, 'ఇంట్లో ఉన్నవారు' అని రాయకండి. మీ న్యూరాలజీ డాక్టరును ఆపరేషన్‌కు ముందే ఒకసారి కలిసి, మందులు ఆరు వారాలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. మరొకటి, మీరు ఇంటికి వచ్చిన తర్వాత అబ్బాయి మిమ్మల్ని చూడగానే ఎత్తుకోమని చేతులు చాస్తాడు. ఆ రోజుల్లో అతని ఎదుట కుర్చీలో కూర్చొనే ఉండండి, నిలబడి దగ్గరికి వెళ్లవద్దు.

పుత్తూరు_ఆయా

అమ్మా, మగ మనిషి కావాలన్నారు కదా. మా ఊరి అబ్బాయి ఒకతను తిరుపతిలో ఒక ఆసుపత్రి వార్డులో అటెండర్‌గా చేసి మానేశాడు, పక్షవాతం వచ్చిన పెద్దాయనను కూడా ఇంట్లో చూసుకున్నాడు. ఇలాంటి బిడ్డను చూసిన అనుభవం లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. నంబరు ఇక్కడ పెట్టను, నిర్వాహకులకు పంపాను.

అవిలాల_అమ్మ

నంబరు అందింది, మాట్లాడాను. ఆదివారం ఉదయం తొమ్మిదికి రమ్మన్నాను, అది అబ్బాయికి స్నానం చేయించి టిఫిన్ పెట్టే వేళ. పాత యజమాని నంబరు కూడా తీసుకున్నాను, రేపు వారికి ఫోను చేస్తాను.